మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్: ఉన్న దారుల్లో ఏది ఎవరికి?

మూత్రంలో మంట ఒకసారి వచ్చి, మందుతో తగ్గిపోయి, ఏళ్ల తరబడి మళ్ళీ కనిపించకపోతే దాని గురించి ఇంత చదవక్కర్లేదు. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వచ్చిందంటే మాత్రం డాక్టర్లు దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్ కింద లెక్కేస్తారు. అప్పుడు తేల్చుకోవాల్సినవి రెండు. ఇప్పుడున్న మంటకి ఏ మందు వాడాలి, మళ్ళీ రాకుండా ఏం చేయాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది ఆడవాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే తిరుగుతుంటారు. మంట రాగానే షాపులో ఒక షీటు కొంటారు. రెండు రోజులకి తగ్గుతుంది, మిగిలిన మాత్రలు డబ్బాలో పడేస్తారు. రెండు నెలలకి మళ్ళీ అదే మంట, ఈసారి ఇంకో పేరున్న షీటు. ఇలా కొన్నేళ్లు గడిచాక, మామూలు మాత్రలేవీ పనిచేయని దశలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తారు. అంతదాకా పోకుండా ఏ దశలో ఏ దారి మేలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు అత్యవసరమైన సంగతి. మంటతో పాటు చలి వణుకుతో జ్వరం, పక్కటెముకల కింద వెనకవైపు ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు. అప్పుడు ఈ పోలికలన్నీ పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రాత్రిపూట అయితే 108కి ఫోన్ చేయండి. గర్భిణికి మంట వచ్చినా, కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్ళకి వచ్చినా సొంత వైద్యం వద్దు. మూత్రంలో రక్తం కనిపిస్తే, అందులోనూ 40 దాటినవాళ్ళకి, ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా ఆ రక్తం ఎందుకొచ్చిందో తేల్చుకునేదాకా వదిలేయకూడదు.

అసలు ఎందుకు తిరగబెడుతుంది

మూత్రం బయటికొచ్చే నాళం మగవాళ్ళకి సుమారు 20 సెంటీమీటర్ల పొడవుంటే ఆడవాళ్ళకి 4 సెంటీమీటర్లే. మలద్వారం కూడా పక్కనే. పేగుల్లో ఎప్పుడూ ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఆ కాస్త దూరం దాటి మూత్రాశయంలోకి చేరుతుంది. మూత్రాశయ ఇన్ఫెక్షన్లలో సుమారు నాలుగింట మూడొంతులకి అదే కారణం. ఆడవాళ్ళలో దాదాపు సగంమందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. వచ్చినవాళ్ళలో పావువంతు మందికి ఆరు నెలల్లోపే మళ్ళీ వస్తుంది. ఇంత మామూలుగా వచ్చే జబ్బుకి "నువ్వు శుభ్రంగా ఉండవు" అని అత్తగారో ఆడపడుచో అనడం, ఆ మాట పట్టుకుని ఆ పిల్ల లోలోపల కుమిలిపోవడం చూస్తే బాధేస్తుంది. నిజానికి శుభ్రం పేరుతో సబ్బు, డెటాల్ లోపలిదాకా వేసి కడిగేవాళ్ళకే ఇబ్బంది ఎక్కువ. అక్కడ మనకి రక్షణగా ఉండే మంచి బ్యాక్టీరియా దాంతో చచ్చిపోతుంది. బయట మామూలు నీళ్ళతో, ముందు నుంచి వెనక్కి కడుక్కుంటే చాలు.

మన వైపు దీనికి అందరూ చెప్పే కారణం "వేడి చేసింది" అని. ఎండాకాలంలో చెమట ఎక్కువై, తాగే నీళ్ళు తక్కువైతే మూత్రం చిక్కబడి మంటగా ఉంటుంది, అది నిజమే. మూత్రం తక్కువసార్లు వెళ్తే లోపల చేరిన బ్యాక్టీరియా బయటికి కొట్టుకుపోకుండా పెరిగిపోతుంది, అదీ నిజమే. కానీ ఇన్ఫెక్షన్ ఒకసారి అంటుకున్నాక చలవ చేసినంత మాత్రాన కచ్చితంగా పోతుందని నమ్ముకోలేం.

నీళ్ళు తాగమని చెప్పడం తేలిక. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పనికి వెళ్ళే ఆడవాళ్ళని, వరి నాట్లకి పొద్దున్నే పొలంలో దిగేవాళ్ళని, ఉపాధి హామీ పనికి వెళ్ళేవాళ్ళని అడిగి చూడండి. మరుగుదొడ్డి అందుబాటులో లేని చోట వెళ్ళాల్సి వస్తుందనే భయంతో నీళ్ళే తాగరు. రథసప్తమికి అరసవల్లి క్యూలోనూ, పైడితల్లి సిరిమానోత్సవం రోజు విజయనగరంలోనూ, ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా బస్సులోనూ అంతే, గంటల తరబడి బిగపట్టుకుని కూర్చుంటారు. ఈ కారణాన్ని ఏ మాత్రా పోగొట్టదు. పనిచేసే చోట తలుపున్న మరుగుదొడ్డి ఒకటి ఉండటం వైద్యంలో భాగమే. యజమానిని, మేస్త్రీని నలుగురు కలిసి అడగాల్సిన విషయం ఇది.

మిగతా కారణాలు వయసుని బట్టి మారతాయి. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి కలయిక తర్వాత ఒకటి రెండు రోజుల్లో మంట మొదలవడం చాలా మామూలు. నెలసరి ఆగిపోయినవాళ్ళకి ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గి, ఆ భాగంలో చర్మం పల్చబడి, మంచి బ్యాక్టీరియా తగ్గిపోతుంది. షుగరు అదుపులో లేకపోవడం, మలబద్ధకం, గర్భసంచి జారడం వల్ల మూత్రం పూర్తిగా బయటికి రాకుండా కొంత లోపలే ఉండిపోవడం, కిడ్నీలోనో మూత్రాశయంలోనో రాయి ఉండటం, ఇవీ కారణాలే. తల్లికి ఇలా ఉంటే కూతురికీ వచ్చే అవకాశం ఎక్కువ.

ఇంకో గుర్తు కూడా పనికొస్తుంది. మందు కోర్సు అయిపోయిన రెండు వారాల్లోపే, అదే బ్యాక్టీరియాతో మళ్ళీ వస్తే పాతది పూర్తిగా పోలేదని అర్థం. మందు పనిచేయలేదా, రాయి లాంటిది లోపల దాగుందా అని వెతకాలి. నెలల తర్వాత వస్తే అది చాలావరకు కొత్తగా అంటుకున్నదే, అక్కడ నివారణ మీద దృష్టి పెట్టాలి. అందుకే మంట ఎప్పుడు వచ్చింది, ఏ మాత్ర ఎన్ని రోజులు వాడారు అన్నది ఒక చోట రాసుకోండి, ఖాళీ షీట్లు దాచుకోండి. "తెల్ల మాత్ర" అని చెబితే డాక్టరుకి ఏమీ తెలియదు.

ఎక్కడికి వెళ్ళాలి

మందుల షాపు దగ్గర, త్వరగా పని అవుతుంది. కానీ అక్కడ ఇచ్చేది ఊహ మీద ఇచ్చే మందు. తరచూ నార్‌ఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ లాంటివి మూడు నాలుగు మాత్రలు చేతిలో పెడతారు. తిరగబెట్టే ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి ఇది అన్నిటికన్నా చెడ్డ దారి అని నా అభిప్రాయం.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, ఒక నొప్పి మాత్ర తప్పవు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు ఆసుపత్రిలో అవసరానికి వాడేవి, వాటికి కిడ్నీలని దెబ్బతీసే గుణం ఉంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలకీ అంతే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాలి. ఈ మండలాలున్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఏ లక్షణమూ చూపకుండా ముదురుతుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంతుందో తెలియకుండా ఆ ఇంజెక్షన్లు, ఆ మాత్రలు వాడకూడదు. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ చాలు.

పీహెచ్‌సీలో మామూలు మూత్ర పరీక్ష ఉచితంగా చేస్తారు. మొదటిసారి, రెండోసారి వచ్చిన మంటకి ఇది సరిపోతుంది. మూడోసారి నుంచి, ఏ బ్యాక్టీరియానో, అది ఏ మందుకి చస్తుందో తేల్చే కల్చర్ పరీక్ష కావాలి. దానికి మైక్రోబయాలజీ విభాగం ఉన్న చోటికి వెళ్ళాలి. శ్రీకాకుళంలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, అంటే అందరూ ఇప్పటికీ రిమ్స్ అనే చోటు, విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి అలాంటివి. ఉద్దానం వాళ్ళకి పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి దగ్గర. ఇన్ఫెక్షన్‌తో పాటు క్రియాటినిన్ కూడా పెరిగి ఉంటే అక్కడికే వెళ్ళడం మంచిది.

మూత్ర సమస్యలు చూసే పెద్ద డాక్టరు, అంటే యూరాలజిస్టు కోసం అందరూ విశాఖ పరిగెత్తక్కర్లేదు. స్కానింగ్‌లో రాయి కనిపిస్తే, మూత్రం పోశాక కూడా లోపల ఎక్కువ మిగిలిపోతుంటే, రక్తం పడుతుంటే, సరైన మందు వాడినా రెండు వారాల్లో తిరగబెడుతుంటే అప్పుడు వెళ్ళండి. విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో యూరాలజీ విభాగం ఉంది. నెలసరి ఆగినవాళ్ళకి, గర్భసంచి జారినవాళ్ళకి గైనకాలజిస్టే ముందు.

మామూలు మూత్ర పరీక్షా, కల్చరా

ఈ రెంటికీ తేడా తెలియక జరిగే నష్టం ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మామూలు పరీక్షలో పస్ సెల్స్, అంటే చీము కణాలు ఉన్నాయా అని చూస్తారు. అరగంట, గంటలో రిపోర్టు వస్తుంది, ఖర్చు తక్కువ. వాపు ఉందని చెబుతుంది గానీ ఏ బ్యాక్టీరియానో, అది ఏ మందుకి చస్తుందో చెప్పదు. కల్చర్‌లో ఆ మూత్రంలోని బ్యాక్టీరియాని పెంచి, ఒక్కో యాంటీబయాటిక్ దగ్గర పెట్టి చూస్తారు. రెండు మూడు రోజులు పడుతుంది. రిపోర్టులో మందు పేరు పక్కన ఎస్ అని ఉంటే ఆ మందు పనిచేస్తుంది, ఆర్ అని ఉంటే పనిచేయదు. మన దేశంలో ఈ.కోలైలో ఎక్కువ భాగం సిప్రోఫ్లాక్సాసిన్ రకం మందులకి లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నివేదికలు చెబుతున్నాయి. అంటే షాపులో తేలిగ్గా ఇచ్చే మాత్రే పనిచేయని అవకాశం ఎక్కువ. ఏడాదికి మూడు నాలుగుసార్లు షీట్లకి పెట్టే డబ్బు కలిపి చూస్తే, ఒక్క కల్చర్‌కి పెట్టే ఖర్చు వృథా కాదు.

కల్చర్ రాయించుకుంటే సరిపోదు, శాంపిల్ సరిగ్గా ఇవ్వాలి. మాత్ర ఒక్కటి కూడా వేసుకోకముందే ఇవ్వాలి. వేసుకున్నాక ఇస్తే బ్యాక్టీరియా ఉన్నా పెరగకపోవచ్చు. ల్యాబ్ వాళ్ళు ఇచ్చిన మూత బిగించిన డబ్బా తప్ప ఇంటి సీసా వాడకూడదు. మంచి నీళ్ళతో కడుక్కుని, మొదట వచ్చే మూత్రం కాస్త వదిలేసి, మధ్యలో వచ్చేది పట్టాలి. డబ్బా లోపలి వైపు వేలు తగలకూడదు. పట్టిన రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచాలి. మన టౌన్లలో చాలా ల్యాబులు శాంపిల్ తీసుకుని విశాఖ పంపుతాయి. ఎండలో సంచిలో పెట్టుకుని సాయంత్రం బండికి పంపితే, దారిలో బ్యాక్టీరియా పెరిగిపోయి రిపోర్టు తప్పు వస్తుంది. "ఇక్కడే చేస్తారా, పంపుతారా, పంపేదాకా ఫ్రిజ్‌లో పెడతారా" అని కౌంటరు దగ్గర అడగడానికి మొహమాటపడకండి. రిపోర్టులో మూడు నాలుగు రకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయని వస్తే అది చాలావరకు శాంపిల్ చెడిపోవడమే, మళ్ళీ ఇవ్వాలి.

ఆ రెండు మూడు రోజులూ మంటతో కూర్చోమని కాదు. శాంపిల్ ఇచ్చిన వెంటనే డాక్టరు ఒక మందు మొదలుపెడతారు. రిపోర్టు చూసి అదే కొనసాగిస్తారు, లేదా మారుస్తారు.

మాత్రల్లో ఏది

మందు రాయాల్సింది డాక్టరే. కానీ ఏది ఎందుకు రాస్తున్నారో తెలిసి ఉంటే మీరు సరైన ప్రశ్న అడగగలరు.

కేవలం మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కి నైట్రోఫ్యురంటాయిన్ ఇప్పటికీ మంచి మందు. పాతది, చవకైనది, బ్యాక్టీరియా దీనికి అంతగా అలవాటు పడలేదు. మామూలుగా ఐదు రోజుల కోర్సు, అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం ముదురు రంగులోకి మారితే కంగారు వద్దు. దీనికి నాలుగు హద్దులున్నాయి. కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌లో ఇది పనిచేయదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్ళకి మూత్రంలోకి సరిపడా చేరదు, పైగా దుష్ఫలితాలు పెరుగుతాయి. ఉద్దానం ఆడవాళ్ళు ఈ మాత్రకి ముందు క్రియాటినిన్ చూపించుకోవాలని చెప్పడం ఇందుకే. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళకి ఇది రక్తకణాలని విరగ్గొడుతుంది. ఆ లోపం కొన్ని గిరిజన సమూహాల్లో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి సీతంపేట, మెళియాపుట్టి వైపు వాళ్ళు డాక్టరుకి ఆ సంగతి గుర్తుచేయాలి. నెలలు నిండిన గర్భిణికీ ఇది ఇవ్వరు.

ఫాస్ఫోమైసిన్ మాత్ర కాదు, 3 గ్రాముల పొడి పొట్లం. నీళ్ళలో కలిపి ఒక్కసారి తాగితే అయిపోతుంది. ఐదు రోజులు మాత్రలు గుర్తుపెట్టుకోలేనివాళ్ళకి, కూలి పనికి వెళ్ళేవాళ్ళకి ఇది తేలిక. మొండి బ్యాక్టీరియా మీద కూడా చాలావరకు పనిచేస్తుంది. ధర మాత్రం ఎక్కువ. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 513 మంది ఆడవాళ్ళ మీద ఈ రెంటినీ పోల్చారు. నెల రోజుల తర్వాత చూస్తే నైట్రోఫ్యురంటాయిన్ వాడినవాళ్ళలో 70 శాతం మందికి, ఫాస్ఫోమైసిన్ వాడినవాళ్ళలో 58 శాతం మందికి బాధ పూర్తిగా పోయింది. కిడ్నీ బాగుండి ఐదు రోజులూ వేసుకోగలిగితే నేను మొదటిదానికే మొగ్గుతాను.

సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం మందుల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో గట్టిగా హెచ్చరించింది. కండరాలని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులు, నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి, వేరే మందు ఉన్నప్పుడు మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కి వీటిని వాడొద్దంది. కిడ్నీకి పాకినప్పుడు, కల్చర్‌లో పనిచేస్తుందని తేలినప్పుడు వీటి అవసరం ఉంటుంది. అప్పటికోసం దాచుకోవాల్సిన మందుని ప్రతి మంటకీ వాడి పోగొట్టుకుంటున్నాం. సెఫిక్సిమ్, సెప్ట్రాన్ లాంటివి కూడా కల్చర్ చూసి వాడితేనే మంచిది.

ఏ మందైనా మంట తగ్గగానే ఆపొద్దు, రాసినన్ని రోజులు వాడండి. అలాగే పదిహేను రోజులు వాడితే ఇంకా గట్టిగా పోతుందనుకోవడమూ తప్పే.

ఇంట్లో చేసుకునేవి

బార్లీ నీళ్ళు, మజ్జిగ, సబ్జా గింజల నీళ్ళు, ధనియాల కషాయం, వీటిలో ఏది తాగినా లాభం చాలావరకు లోపలికి వెళ్ళే నీటిదే. నీటికి మాత్రం గట్టి ఆధారం ఉంది. రోజుకి లీటరున్నర లోపు తాగే, తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్ళ మీద ఏడాది పాటు ఒక పరిశోధన జరిగింది. అదనంగా మరో లీటరున్నర తాగినవాళ్ళకి ఏడాదిలో సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, తాగనివాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. 2018లో వచ్చిన ఫలితం ఇది. పైసా ఖర్చు లేకుండా దాదాపు సగం తగ్గాయి. మూత్రం లేత పసుపు రంగులో వచ్చేలా తాగితే చాలు. అప్పటికే రెండున్నర లీటర్లు తాగుతున్నవాళ్ళకి ఇంకా పెంచితే లాభం ఉంటుందని దీన్ని బట్టి చెప్పలేం.

కొబ్బరి నీళ్ళ విషయంలో ఒక హెచ్చరిక. ఉద్దానం అంటేనే కొబ్బరి తోటలు, ఇంటికొచ్చినవాళ్ళకి ముందు బొండం కొట్టి ఇస్తారు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి అది మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం అందులో ఉండే పొటాషియం రక్తంలో పేరుకుని గుండెకి ప్రమాదం తెస్తుంది. నీళ్ళు కూడా వాళ్ళు డాక్టరు చెప్పిన కొలతకే తాగాలి. పల్లేరు కాయల కషాయం, కొండపిండి ఆకు రసం వాడే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అలాంటివి డాక్టరుకి చెప్పకుండా వాడొద్దు.

షాపులో ఇచ్చే సిట్రాల్కా లాంటి సిరప్ మూత్రంలో ఆమ్లత్వం తగ్గించి మంట కాస్త తగ్గిస్తుంది, బ్యాక్టీరియాని చంపదు. నైట్రోఫ్యురంటాయిన్ ఆమ్ల గుణమున్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది కాబట్టి రెండూ కలిపి వాడేముందు డాక్టర్ని అడగండి. ఇలాంటి సిరప్‌లలో సోడియం గానీ పొటాషియం గానీ ఉంటుంది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి అవి సరిపడవు.

క్రాన్‌బెర్రీ మన నేల పంట కాదు, జ్యూసో మాత్రలో కొనుక్కోవాలి. అన్ని పరిశోధనలనీ కలిపి 2023లో చూస్తే, తరచూ వచ్చే ఆడవాళ్ళలో ఇన్ఫెక్షన్ ముప్పు పావువంతు దాకా తగ్గినట్టు తేలింది. అది రాకుండా చూసుకోవడానికే, వచ్చిన ఇన్ఫెక్షన్‌ని తగ్గించదు. డీ-మ్యానోస్ అనే ఒక రకం చక్కెర పొడికి ప్రచారం చాలా ఉంది. 2024లో బ్రిటన్‌లో 598 మంది ఆడవాళ్ళ మీద జరిగిన పరిశోధనలో ఆరు నెలలు రోజూ వాడినా, ఉత్తుత్తి పొడి వాడినవాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ డబ్బు కల్చర్‌కి పెట్టండి.

మళ్ళీ రాకుండా: ఎవరికి ఏది

కొత్తగా పెళ్ళైన అమ్మాయి అయితే, కలయిక తర్వాత వెంటనే మూత్రానికి వెళ్ళడం, ఆ రోజు నీళ్ళు ఎక్కువ తాగడం ముందు చేసి చూడాలి. అయినా ప్రతిసారీ అదే వరసలో వస్తుంటే, కలయిక తర్వాత ఒక్క చిన్న మోతాదు మాత్ర వేసుకునే పద్ధతి ఉంది. రోజూ మందు మింగడం కన్నా ఇది చాలా మేలు. ఈ సంగతి డాక్టరుకి చెప్పడానికి సిగ్గుపడి దాచేస్తారు, డాక్టరు కూడా అడగరు, దాంతో అసలు కారణం బయటికే రాదు. "పెళ్ళైన దగ్గర్నుంచి వస్తోందండీ" అన్న ఒక్క ముక్క చెప్పినా చాలు.

షుగరు ఉన్నవాళ్ళు ముందు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మందులు చక్కెరని మూత్రంలోకి పంపేస్తాయి. వాటితో ఆ భాగంలో దురద, ఫంగస్ ఎక్కువగా వస్తాయి. అది కూడా మంటే కాబట్టి యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ వేసుకుంటే ఫంగస్ ఇంకా పెరుగుతుంది. ఆ మందులని సొంతంగా ఆపకుండా, దురద ఉన్న సంగతి డాక్టరుకి చెప్పండి.

నెలసరి ఆగిపోయినవాళ్ళకి ఉన్న దారుల్లో యోని లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్‌కి సాటి వచ్చేది లేదు. 1993లో ప్రచురితమైన పరిశోధనలో క్రీమ్ వాడినవాళ్ళకి ఏడాదికి సగటున 0.5 సార్లు, వాడనివాళ్ళకి 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు రాసుకుంటారు. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. హార్మోన్ అనగానే భయపడతారు గానీ ఇది రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు మాత్రం ముందు తమ డాక్టర్ని అడగాలి. అసలు అడ్డంకి ఇంకోటి. "ఈ వయసులో నాకెందుకమ్మా ఇవన్నీ" అని పెద్దవాళ్ళు ట్యూబు పక్కన పడేస్తారు. కూతురో కోడలో పక్కన కూర్చుని, ఇది ముసలితనంలో ఎండిపోయిన చర్మానికి మందు, సిగ్గుపడేది కాదని చెప్పాలి. ఏడాదికి ఐదారుసార్లు యాంటీబయాటిక్ మింగుతున్న పెద్దావిడకి ఇది ఎంత ఊరటనిస్తుందో వాడితేనే తెలుస్తుంది.

గర్భసంచి జారినవాళ్ళకి, మూత్రం పూర్తిగా రానివాళ్ళకి ముందు దాని సంగతి చూడాలి. స్కానింగ్ చేసేటప్పుడు మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో కూడా కొలవమని అడగండి. మలబద్ధకం ఉంటే దానికీ మందు కావాలి.

ఏ కారణమూ దొరక్క, నీళ్ళూ జాగ్రత్తలూ సరిపోకపోతే రెండు దారులు మిగులుతాయి. ఒకటి, రోజూ రాత్రి చిన్న మోతాదులో యాంటీబయాటిక్ మూడు నుంచి ఆరు నెలలు. బాగా పనిచేస్తుంది, కానీ వాడినన్నాళ్ళే. ఆపాక చాలామందికి తిరగబెడుతుంది, బ్యాక్టీరియా మొండిదవుతుంది. నైట్రోఫ్యురంటాయిన్ నెలల తరబడి వాడితే అరుదుగా ఊపిరితిత్తులు, కాలేయం దెబ్బతింటాయి. పొడి దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపి డాక్టరుకి చెప్పాలి. రెండోది మెథనమిన్ హిప్యురేట్. ఇది యాంటీబయాటిక్ కాదు, మూత్రంలో క్రిములని చంపే రసాయనంగా మారుతుంది. 2022లో బ్రిటన్‌లో 240 మంది ఆడవాళ్ళ మీద జరిగిన పరిశోధనలో రోజూ యాంటీబయాటిక్ వాడటం కన్నా ఇది అంతగా తీసిపోలేదని తేలింది. అన్ని షాపుల్లో దొరకదు. కిడ్నీ, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ళకి పనికిరాదు. రెండూ దొరికే పరిస్థితి ఉంటే ముందు మెథనమిన్ అడిగి చూడమంటాను.

ఉద్దానంలో చాలామంది ఆడవాళ్ళని పట్టి పీడించే టెన్షన్ గురించి కూడా చెప్పాలి. మంట వచ్చిందంటే కిడ్నీ పోతోందని రాత్రులు నిద్రపోరు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి మూత్రాశయం వరకే వచ్చే ఇన్ఫెక్షన్ మామూలుగా కిడ్నీ ఫెయిల్యూర్‌కి దారితీయదు. ఉద్దానం జబ్బు వేరు, ఇది వేరు. ఒకసారి క్రియాటినిన్ చేయించుకుంటే ఆ భయం సంగతి తేలిపోతుంది.

రిపోర్టుకీ బాధకీ పొంతన కుదరనప్పుడు

మంట ఉంది, పస్ సెల్స్ ఉన్నాయి, కల్చర్ రెండుసార్లు చేసినా ఏమీ పెరగలేదు. ఇలాంటప్పుడు మన దేశంలో తప్పకుండా గుర్తుకు రావాల్సింది మూత్ర వ్యవస్థకి వచ్చే క్షయ. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉన్నా లేకపోయినా పరీక్ష చేయించాలి. ప్రభుత్వ క్షయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ఆఫ్లాక్సాసిన్ రకం మందులు క్షయ క్రిమిని కొంతకాలం అణచి ఉంచుతాయి కాబట్టి, ఊరికే ఆ మాత్రలు వాడేవాళ్ళలో జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్లు, మూత్రాశయ నొప్పి జబ్బు కూడా ఇలాగే కనిపిస్తాయి.

దీనికి తిరగబడి ఉండే పరిస్థితి పెద్దవాళ్ళలో చూస్తాం. కంటి ఆపరేషన్‌కో మోకాలి నొప్పికో వెళ్తే మూత్ర పరీక్ష చేస్తారు, కల్చర్‌లో బ్యాక్టీరియా పెరుగుతుంది, మంట గానీ జ్వరం గానీ ఏమీ ఉండవు. షుగరు ఉన్నా సరే, దీనికి మందు అక్కర్లేదు. గర్భిణికి, మూత్ర నాళం లోపలికి పరికరం పంపి చేసే ఆపరేషన్లు చేయించుకోబోయేవాళ్ళకి మాత్రమే ఇస్తారు. మిగతావాళ్ళకి ఇస్తే మామూలు బ్యాక్టీరియా పోయి మొండిది చేరుతుంది. అలాంటి రిపోర్టు పట్టుకుని మీ అమ్మగారికో అత్తగారికో మాత్రలు రాస్తుంటే, "ఆవిడకి బాధేమీ లేదండీ, మందు నిజంగా కావాలా" అని అడగండి.